మూలుగలో మిగిలిన మంచి కణాలు: దీర్ఘకాలిక ల్యుకేమియా రోగుల నుంచి మూలకణాల సేకరణ

దీర్ఘకాలిక ల్యుకేమియా వచ్చిన మనిషి ఎముకల మూలుగ అంతా వ్యాధిగ్రస్తం కాదు. రోగం బాగా ముదిరేదాకా అందులో ఆరోగ్యకరమైన మూలకణాలు కొన్ని బతికే ఉంటాయి. వాటిని గుర్తించి, వేరుచేసి, భద్రపరిచి, అవసరమైన రోజున ఆ మనిషికే తిరిగి ఎక్కించడం సాధ్యమా అన్న ప్రశ్న చుట్టూ కొన్ని దశాబ్దాల పాటు వైద్య పరిశోధన సాగింది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికీ, వైద్యులూ వైద్యవిద్యార్థులూ విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి గల పౌరులూ కూడిన ఈ సభకూ ఆ ప్రశ్నే విషయం.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుకు ఈ విషయంతో ఉన్న బంధం పైపైది కాదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూశాడు. వారిలో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. సుబ్బారావు మరణించింది ఆ ఏడాది ఆగస్టులోనే. ఆ పిల్లల్లో మెరుగుదల ఎక్కువ కాలం నిలవలేదు. అయితే వ్యాధి కణాలు తగ్గిన ఆ కొద్ది వారాల్లో మామూలు రక్తకణాలు మళ్లీ పుట్టాయి. మందు కొత్త కణాలను సృష్టించలేదు. వ్యాధి కింద అణగి ఉన్న ఆరోగ్యకరమైన కణాలే తేరుకున్నాయి. అది శీఘ్ర ల్యుకేమియా సంగతి. దీర్ఘకాలిక ల్యుకేమియాలోనూ ఇదే నిజమని రుజువు కావడానికి మరో 35 ఏళ్లు పట్టింది.

దీర్ఘకాలిక ల్యుకేమియాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నా, ఇక్కడి చర్చకు కేంద్రం క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే సీఎంఎల్. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే వ్యాధి ఇది. 1845లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెనెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో ఎవరికి వారుగా ఇటువంటి రోగులను వర్ణించారు. ప్లీహం విపరీతంగా పెరగడం, రక్తంలో తెల్లకణాలు లెక్కకు మించడం వారికి కనిపించిన లక్షణాలు. వ్యాధి మూలం రక్తంలో కాదని, ఎముకల మూలుగలో ఉందని 1870లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ నాయ్‌మన్ సూచించాడు. ఆర్సెనిక్ ద్రావణం, ఎక్స్-కిరణాలు, 1953 నుంచి బుసల్ఫాన్, ఆ తర్వాత హైడ్రాక్సీయూరియా చికిత్సలుగా వచ్చాయి. ఇవన్నీ తెల్లకణాల సంఖ్యను దించి రోగికి సుఖాన్నిచ్చాయే తప్ప వ్యాధి నడకను మార్చలేదు. మూడు నుంచి ఐదేళ్లు నెమ్మదిగా సాగిన వ్యాధి ఒకనాడు ఉధృత దశకు చేరేది. ఆ పైన బతుకు నెలల్లోకి కుదించుకుపోయేది.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో మామూలు కంటే చిన్నదైన ఒక క్రోమోజోమ్‌ను గుర్తించారు. ఆ నగరం పేరే దానికి నిలిచింది. 9వ, 22వ క్రోమోజోములు తమ ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకోవడం వల్ల అది ఏర్పడుతుందని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చింది. ఆ మార్పిడిలో రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే సంకర జన్యువు అవుతుందనీ, దాని నుంచి పుట్టే ప్రొటీన్ విరామం లేకుండా పనిచేసే టైరోసిన్ కైనేజ్ ఎంజైమ్ అనీ 1980లలో తెలిసింది. మూలకణాల సేకరణకు ఈ ఆవిష్కరణ అందించిన మేలు అపారం. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్న కణం వ్యాధిది, లేనిది కాదు అని చెప్పగల గుర్తు తొలిసారి చేతికి వచ్చింది. అంతకుముందు ఆరోగ్యకరమైన కణాన్ని వెతకాలన్నా ఏది చూసి పోల్చాలో తెలియని స్థితి.

ఆ గుర్తే మొదట్లో నిరాశకూ కారణమైంది. కొత్తగా వ్యాధి బయటపడిన రోగి మూలుగను పరీక్షిస్తే, విభజన చెందుతున్న కణాల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఆ క్రోమోజోమ్ కనిపించేది. సియాటిల్‌లో ఫిలిప్ ఫియాల్కౌ 1967లో ప్రచురించిన పరిశోధన ఈ భావాన్ని మరింత బలపరిచింది. జీ6పీడీ అనే ఎంజైమ్ రెండు రకాలుగా ఉన్న స్త్రీలలో, సీఎంఎల్ వచ్చినవారి చర్మకణాల్లో రెండు రకాలూ ఉన్నాయి. రక్తకణాల్లో మాత్రం ఒకే రకం ఉంది. తెల్లకణాలతోపాటు ఎర్రకణాలదీ అదే పరిస్థితి. అంటే వ్యాధి ఒకే ఒక్క మూలకణంలో మొదలై, దాని సంతతి రక్తం మొత్తాన్ని ఆక్రమించిందన్నమాట. ఆక్రమణ అంత సంపూర్ణమైతే అసలు కణాలు మిగలలేదని అనుకోవడం సహజం.

అలా అనుకోవడం తప్పని చూపిన ఆధారాలు పలు దిక్కుల నుంచి వచ్చాయి. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్‌లో 1970లలో తీవ్రమైన కీమోథెరపీ ఇచ్చినప్పుడు కొందరు రోగుల మూలుగలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ లేని కణాలు తాత్కాలికంగా పైకి వచ్చాయి. హ్యూస్టన్‌లో మోషే తల్పాజ్ బృందం 1980లలో ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇచ్చిన కొందరిలోనూ అదే జరిగింది. అన్నిటికంటే నిర్ణాయకమైన సాక్ష్యం 1983లో కెనడాలోని వాంకూవర్ నుంచి వచ్చింది. లార్ కూలోంబెల్, కోనీ ఈవ్స్, అలెన్ ఈవ్స్, వారి సహచరులు సీఎంఎల్ రోగుల మూలుగను ప్రయోగశాలలో దీర్ఘకాలిక సాగు పద్ధతిలో వారాల తరబడి పెంచారు. మొదట్లో అంతా వ్యాధి కణాలే. వారాలు గడిచేకొద్దీ అవి క్షీణించాయి, మామూలు క్రోమోజోములున్న కణాలు బయటపడ్డాయి. మనిషి శరీరంలో గెలిచిన కణం గాజుపాత్రలో ఓడిపోయింది. ఈ రంగం మొత్తానికి పునాది ఈ ప్రయోగమే అని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ ఫలితానికి కారణం మూలకణం నివసించే పరిసరంలో ఉంది. మూలుగలోని ఆధార కణజాలానికి అంటిపెట్టుకుని ఉండటం ఆరోగ్యకరమైన ఆదిమ కణాల స్వభావం. సీఎంఎల్ కణాలకు ఆ అంటుకునే గుణం తక్కువని 1987లో లండన్‌లో మిర్టిల్ గోర్డన్ బృందం చూపింది. అందుకే అవి మూలుగను వదిలి రక్తంలోకీ ప్లీహంలోకీ పెద్ద సంఖ్యలో చేరతాయి. వాటికి పెరుగుదల ప్రేరణ కూడా లోపలి నుంచే అందుతుంది కాబట్టి విభజన వేగం ఎక్కువ. అయితే వేగంగా విభజన చెందే కణం తన మూలకణ శక్తిని నిలుపుకోవడంలో బలహీనం. ఆరోగ్యకరమైన మూలకణం నిదానంగా ఉంటుంది, ఎక్కువ కాలం నిద్రాణస్థితిలో గడుపుతుంది. కీమోథెరపీ ప్రధానంగా విభజన చెందే కణాలనే చంపుతుంది కనుక ఆ నిద్రే దానికి రక్ష.

కణాలను సేకరించే ఆలోచన ఈ జ్ఞానం కంటే ముందే పుట్టింది. సీఎంఎల్ రోగి రక్తంలో మూలకణ సంతతి అసాధారణమైన సంఖ్యలో ఉంటుంది. లండన్‌లో జాన్ గోల్డ్‌మన్ 1970లలో వ్యాధి బయటపడిన తొలిరోజుల్లోనే ఆ కణాలను తీసి గడ్డకట్టించి దాచాడు. వ్యాధి ఉధృత దశకు చేరినప్పుడు భారీ కీమోథెరపీ తర్వాత వాటిని తిరిగి ఎక్కించాడు. అవి ఆరోగ్యకరమైన కణాలు కావు. రోగిని ఉధృత దశ నుంచి వెనకటి నెమ్మదైన దశకు చేర్చడం ఒక్కటే లక్ష్యం. అది నెరవేరినా సాధారణంగా కొన్ని నెలలకే వ్యాధి మళ్లీ చెలరేగేది. అయినా దాచిన కణాలు మూలుగను పునర్నిర్మించగలవని ఈ పని నిరూపించింది.

ఇదే కాలంలో మరో మార్గం తెరుచుకుంది. సియాటిల్‌లో అలెగ్జాండర్ ఫెఫర్, డొనాల్ థామస్ బృందం సీఎంఎల్ రోగులు నలుగురికి వారి సరూప కవలల మూలుగను మార్పిడి చేసి, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ మాయమైందని 1979లో ప్రకటించింది. కవలలు కాని తోబుట్టువుల నుంచి మార్పిడి అతి త్వరలోనే వ్యాప్తిలోకి వచ్చింది. 1990ల నాటికి ప్రపంచంలో దాత మూలుగ మార్పిడికి అతి ముఖ్యమైన కారణాల్లో ఒకటి సీఎంఎల్. దాత కణాల్లోని రోగనిరోధక శక్తే మిగిలిన వ్యాధి కణాలను వేటాడుతుందని, వ్యాధి తిరగబెట్టిన రోగులకు దాత లింఫోసైట్లు ఎక్కించడం ద్వారా 1990లో మ్యూనిక్‌లో హాన్స్-యోహెమ్ కోల్బ్ చూపాడు. కానీ ఒక తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకవంతు మాత్రమే. వయసు మళ్లినవారు ఆ చికిత్సను తట్టుకోలేరు. దాత దొరకని మెజారిటీ రోగులకు మిగిలిన దారి సొంత కణాలే.

సొంత కణాల్లో మంచివాటిని ఏరడం ఎలా? వరిచేలో మొలిచిన ఊద మొక్క ఈనే దాకా వరిలాగే కనిపించినట్టు, ఆదిమ దశలో వ్యాధి కణం ఆరోగ్యకరమైన కణాన్ని పోలి ఉంటుంది. 1984లో కర్ట్ సివిన్ ప్రకటించిన ప్రతిరక్షకంతో మూలకణాలనూ వాటి తొలి సంతతినీ సీడీ34 అనే ఉపరితల గుర్తు ద్వారా ఏరడం సాధ్యమైంది. అయితే ఆ గుర్తు రెండు రకాల కణాలపైనా ఉంటుంది. మినెసోటాలో క్యాథరిన్ వెర్‌ఫైలీ సీడీ34 ఉండి హెచ్ఎల్ఏ-డీఆర్ అనే మరో గుర్తు లేని కణాలను వేరుచేసి, వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో అవి చాలావరకు ఆరోగ్యకరమైనవని 1992లో చూపింది. ఫిలడెల్ఫియాలో అలన్ గెవిర్ట్జ్ వ్యాధి కణాల జన్యు సందేశాన్ని అడ్డుకునే కృత్రిమ డీఎన్ఏ ముక్కలతో మూలుగను శుద్ధి చేయాలని ప్రయత్నించాడు.

వాంకూవర్‌లో మైఖేల్ బార్నెట్, ఈవ్స్ దంపతులు తమ సాగు పద్ధతినే చికిత్సగా మలిచారు. రోగి మూలుగను తీసి 10 రోజులు సాగుచేసి, ఈలోగా రోగికి భారీ చికిత్స ఇచ్చి, సాగైన కణాలను తిరిగి ఎక్కించారు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఇలా చికిత్స పొందిన 22 మందిలో 13 మంది మూలుగ కొంతకాలం పూర్తిగా ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ లేకుండా ఉంది. కొందరి మూలుగ ఇందుకు పనికిరాలేదు. సాగులో తగినన్ని ఆరోగ్యకరమైన కణాలు మిగులుతాయని ముందే పరీక్షించి తేలినవారినే ఎంచుకోవాల్సి వచ్చింది. తర్వాత చాలామందిలో ఆ క్రోమోజోమ్ మళ్లీ ప్రత్యక్షమైంది.

ఇటలీలోని జెనోవాలో ఆంజెలో కరెల్లా ఎంచుకున్నది వేరే దారి. శుద్ధి చేసే పనిని ప్రయోగశాలకు కాక రోగి శరీరానికే అప్పగించాడు. ఇడారుబిసిన్, సైటరబిన్, ఎటొపొసైడ్ కలిపి ఇస్తే రక్తకణాలు దాదాపు అడుగంటుతాయి. రెండు మూడు వారాల తర్వాత అవి తిరిగి పెరగడం మొదలైనప్పుడు ముందుగా తేరుకునేవి ఆరోగ్యకరమైన కణాలు. వ్యాధి కణాలు వాటిని మించిపోయేలోగా కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో రక్తం నుంచి మూలకణాలను సేకరిస్తే కొందరిలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ బొత్తిగా లేని నిల్వ దొరికింది. వ్యాధి బయటపడిన తొలి ఏడాదిలో, ఇంటర్‌ఫెరాన్ ఇంకా వాడనివారిలో ఇది మెరుగ్గా పనిచేసింది. కాలం గడిచేకొద్దీ ఆరోగ్యకరమైన మూలకణాల సంఖ్య తరుగుతుందని ప్రయోగశాల కొలతలు కూడా చెప్పాయి. ఆనాటి వైద్యులకు అందిన ఆచరణీయమైన పాఠం తొందరగా సేకరించడమే.

సేకరణ ప్రక్రియ ఇప్పుడు ప్రపంచమంతటా ఇంచుమించు ఒకే తీరులో సాగుతుంది. జీ-సీఎస్ఎఫ్ అనే మందును రోజుకు శరీర బరువు కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున నాలుగైదు రోజులు చర్మం కింద ఇస్తారు. మూలకణాలను మూలుగకు కట్టి ఉంచే రసాయన బంధాలు సడలి అవి రక్తంలోకి వస్తాయి. ఐదో రోజున ఒక సిర నుంచి రక్తం ఎఫెరిసిస్ యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ సాంద్రతను బట్టి కణాలు విడివడి, కావలసిన పొర సంచిలో చేరుతుంది. మిగతా రక్తం మరో సిర ద్వారా శరీరానికి తిరిగి వస్తుంది. ఇది మూడు నుంచి ఐదు గంటల పని. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల రక్తంలో కాల్షియం తగ్గి పెదవులూ వేళ్లూ తిమ్మిరెక్కవచ్చు. కిలో బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు ఉంటేనే మార్పిడికి భరోసా. వాటిని డీఎంఎస్ఓ అనే రక్షక ద్రవంతో కలిపి, నెమ్మదిగా చల్లబరచి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నత్రజనిలో దాస్తారు.

దాచిన సంచిలో ఉన్నవి నిజంగా ఆరోగ్యకరమైన కణాలేనా అన్నది ఈ పద్ధతి మొత్తాన్నీ వెంటాడిన సందేహం. మామూలు క్రోమోజోమ్ పరీక్షలో చూసేది సుమారు 20 కణాలను. పీసీఆర్ అనే జన్యు పరీక్ష లక్ష కణాల్లో ఒక్క వ్యాధి కణాన్ని కూడా పట్టగలదు. ఆ పరీక్ష పెట్టాక పూర్తిగా శుద్ధమైన నిల్వలు అరుదని తెలిసింది. హ్యూస్టన్‌లో ఆల్బర్ట్ డైసెరాత్ 1994లో ఇంకా సూటిగా రుజువు చేశాడు. తిరిగి ఎక్కించే కణాల్లో కొన్నిటికి వైరస్ సాయంతో ఒక గుర్తు జన్యువును అమర్చాడు. వ్యాధి తిరగబెట్టినప్పుడు ఆ గుర్తు వ్యాధి కణాల్లో కనిపించింది. నిల్వలో దాగిన శత్రువే తిరిగివచ్చిందన్నమాట. అదే ఏడాది 8 కేంద్రాలకు చెందిన 200 మంది రోగుల వివరాలతో ఫిలిప్ మెక్‌గ్లేవ్ సొంత కణాల మార్పిడి ఆయుష్షు పెంచవచ్చన్న ఆశను ప్రకటించాడు. ఆ తర్వాత యాదృచ్ఛిక ఎంపికతో సాగిన ఆరు పరీక్షలను కలిపి చూసినప్పుడు మార్పిడి పొందినవారు ఎక్కువ కాలం బతికినట్టు తేలలేదు. ఆ పరీక్షలు కూడా కొత్త మందు రాకతో అర్ధాంతరంగా ఆగినవే.

ఆ మందు ఇమాటినిబ్. నికొలస్ లైడన్ బృందం తయారుచేయగా, బ్రయాన్ డ్రూకర్ 1998లో తొలి రోగులకు ఇచ్చాడు. 2001 మేలో అమెరికా దానికి అనుమతినిచ్చింది. బీసీఆర్-ఏబీఎల్ ఎంజైమ్‌ను నేరుగా అడ్డుకునే ఈ మాత్రతో ఐరిస్ అనే వైద్య పరీక్షలో చికిత్స మొదలుపెట్టినవారిలో నూటికి 83 మంది పదేళ్ల తర్వాతా జీవించి ఉన్నారు. ఈ విజయాన్ని ఎంజైమ్ కథగా మాత్రమే చెప్పడం అలవాటైంది. అది అసంపూర్ణమైన కథనం. వ్యాధి కణాలు తగ్గినప్పుడు మూలుగ ఖాళీ కాలేదు, మామూలు రక్తంతో నిండింది. నింపినవి వాంకూవర్ గాజుపాత్రల్లో 1983లో బయటపడిన ఆ ఆరోగ్యకరమైన మూలకణాలే. అవి మిగిలి ఉండకపోతే ఇమాటినిబ్ ఇచ్చిన రోగి రక్తహీనతతోనూ అంటురోగాలతోనూ మరణించేవాడు. కరెల్లా భారీ కీమోథెరపీతో కొన్ని రోజులు సాధించిన స్థితిని ఈ మాత్ర ఏళ్ల తరబడి నిలబెట్టింది.

కొత్త మందు పాత సేకరణకు కూడా కొంతకాలం ఊపిరి పోసింది. ఇమాటినిబ్‌తో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి జీ-సీఎస్ఎఫ్‌తో కణాలు సేకరించి దాచవచ్చునని 2003లో ఆస్ట్రేలియా, స్కాట్లండ్ బృందాలు చూపాయి. మందు ఆపకుండా సేకరించినవారిలో సగం మందికే తగినన్ని కణాలు వచ్చాయని, కొద్దిరోజులు ఆపినప్పుడు పదిమందిలో ఏడుగురికి వచ్చాయని ఆస్ట్రేలియా ఫలితాలు చెప్పాయి. మూలకణాలకు అవసరమైన కిట్ అనే గ్రాహకాన్ని కూడా ఇమాటినిబ్ అడ్డుకుంటుందన్నది ఇందుకు ఒక వివరణ. వ్యాధి భారం పెరగకుండానే సేకరణ జరిగింది. దాసాటినిబ్, నిలోటినిబ్, పొనాటినిబ్, అసిమినిబ్ ఒకదాని వెంట ఒకటి వచ్చాక ఇలా దాచిన కణాల అవసరం బాగా తగ్గింది. ఇవాళ సీఎంఎల్ రోగులందరి నుంచీ మూలకణాలు సేకరించే ఆనవాయితీ లేదు. ఉధృత దశకు చేరినవారికీ, మందులేవీ పనిచేయనివారికీ దాత కణాల మార్పిడే ప్రధాన మార్గం.

తెలుగునేలకు ఈ పరిణామంతో నేరుగా సంబంధం ఉంది. పశ్చిమదేశాల్లో సీఎంఎల్ ఎక్కువగా అరవై దరిదాపుల వయసువారి వ్యాధి. భారతదేశంలో రోగుల సగటు వయసు నలభైకి అటూఇటూ. సంపాదించే వయసులో వచ్చే వ్యాధికి జీవితాంతం ఖరీదైన మందు వాడటం ఇక్కడి కుటుంబాలకు అసాధ్యంగా ఉన్న రోజుల్లో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో ఇమాటినిబ్‌ను వీనాట్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. ఆ మందుపై నొవార్టిస్ కోరిన పేటెంట్‌ను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది. చౌకగా అందిన మాత్ర మూలుగ మార్పిడి అవసరాన్ని వేలాది కుటుంబాల నుంచి దూరం చేసింది. ఈ మార్పులో దేశీయ ఔషధ పరిశ్రమ పాత్రను వైద్య చరిత్రలు ఇంకా తగినంతగా నమోదు చేయలేదు.

సేకరణ చికిత్సగా వెనకబడినా, దాన్ని నడిపిన ప్రశ్న పరిశోధనలో ముందుకే సాగింది. మందు అంత బాగా పనిచేసినా వ్యాధి ఆదిమ కణాల్లో కొన్ని నిద్రాణస్థితిలో తప్పించుకుంటాయని టెస్సా హోల్యోక్ బృందం 2002లో చూపింది. ఆరోగ్యకరమైన కణానికి రక్షణ అనుకున్న నిద్ర వ్యాధి కణానికీ ఉందన్నమాట. ఒకే రోగిలోని రెండు రకాల మూలకణాలను విడదీసే గుర్తులు ఆ తర్వాత దొరికాయి. 2010లో స్వీడన్‌లోని లుండ్ బృందం ఐఎల్1ఆర్ఏపీ అనే ప్రొటీన్ వ్యాధి మూలకణాలపై ఉంటుందనీ ఆరోగ్యకరమైన వాటిపై ఉండదనీ చూపింది. 2014లో వియన్నా బృందం సీడీ26 అనే మరో గుర్తును ప్రకటించింది. 1990లలో బార్నెట్‌కూ కరెల్లాకూ కావలసింది సరిగ్గా ఇవే. ఇప్పుడివి వ్యాధి కణాలను ఎంచి చంపే మందుల అన్వేషణలో, మందు ఆపిన తర్వాత వ్యాధి తిరిగి వస్తుందో లేదో అంచనా వేసే ప్రయత్నాల్లో ఉపయోగపడుతున్నాయి. ఫ్రాన్స్‌లో 2010లో ప్రకటించిన స్టిమ్ అధ్యయనంలో, రెండేళ్లకు పైగా వ్యాధి జాడే లేక ఇమాటినిబ్ ఆపిన 100 మందిలో సుమారు 40 శాతం మందికి ఏడాది తర్వాతా అది తిరిగిరాలేదు.

ఆరోగ్యకరం అన్న మాటకు నిర్వచనం కూడా కఠినమైంది. ఇమాటినిబ్ వాడుతున్న కొందరిలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ లేని కణాల్లోనే 8వ క్రోమోజోమ్ అదనంగా చేరడం వంటి మార్పులు కనిపించాయి. వీరిలో చాలామందికి హాని జరగలేదు, కొద్దిమందికి మాత్రం వేరే మూలుగ వ్యాధులు వచ్చాయి. 2017లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఒక్కొక్క మూలకణాన్నీ విడిగా పరీక్షించే పద్ధతితో మరో సంగతి బయటపెట్టింది. మందుకు సరిగా స్పందించని రోగుల్లో బీసీఆర్-ఏబీఎల్ లేని మూలకణాలు కూడా వాపుకు సంబంధించిన సంకేతాల ప్రభావంతో మామూలు నడకను తప్పాయి. వ్యాధి పక్కన బతికిన కణంపై వ్యాధి ముద్ర పడింది. అందువల్ల సేకరించిన కణంలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ లేదని తేల్చడంతో పరీక్ష పూర్తికాదు. అది పొరుగు ప్రభావం నుంచి బయటపడి, ఏళ్ల తరబడి అన్ని రకాల రక్తకణాలనూ ఇవ్వగలదా అన్నది కూడా చూడాలి. ఆ శక్తిని ముందుగానే కొలవగల పరీక్ష ఆసుపత్రుల దైనందిన వాడుకలోకి ఇంకా రాలేదు.